653 రూపాయల షరతు

ఏడాదికి 653 రూపాయలు. ఒక తెలుగు ఇంటి పెద్దావిడ తన తోడబుట్టినవాళ్లకు ఏటేటా ఇస్తూ వచ్చిన సొమ్ము అది. పందొమ్మిదో శతాబ్దం నాటి సంగతి. ఆవిడ తన భూమిని కూతురి పేర దానపత్రం రాసి, రిజిస్టరు చేయించింది. అందులో ఒక షరతు పెట్టింది: ఇన్నాళ్లూ నేనిచ్చిన ఆ సొమ్ము ఇకమీదట నువ్వివ్వాలి. కూతురు ఒప్పుకుంది. నోటిమాటతో వదిలేయకుండా అదే రోజు ఆ బంధువుల పేర విడిగా ఇకరారునామా, అంటే ఒప్పంద పత్రం కూడా రాసిచ్చింది. తీరా ఇవ్వాల్సి వచ్చేసరికి చెయ్యి రాలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. మద్రాసు హైకోర్టు దాకా వెళ్లి 1881లో తేలింది.

దేశంలో ఏ మూల లా చదివినవాళ్లనైనా అడగండి, 'చిన్నయ్య వర్సెస్ రామయ్య' అనగానే గుర్తుపడతారు. కాంట్రాక్టు చట్టం పేపర్లో ఆ కేసు రాని ఏడాది ఉండదేమో. సొమ్ము అందాల్సింది అన్నదమ్ములకని ఒక పాఠ్యపుస్తకంలో, అప్పచెల్లెలికని ఇంకోదాంట్లో ఉంటుంది. అంకె మాత్రం 653 అని అందరికీ కంఠతా వచ్చు.

చోడవరం వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఇక్కడి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరుల పక్కన కాసేపు కూర్చుంటే ఇలాంటి కాగితం ఒకటైనా కంటబడుతుంది. ముందు దాత పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఊరు. తర్వాత భూమి ఎలా సంక్రమించిందో నాలుగు ముక్కలు. సర్వే నెంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు: తూర్పున ఫలానా వారి చెరకు తోట, పడమర గెడ్డ. వాటి మధ్య ఎక్కడో, తొందరగా చదివితే కంటికి ఆనని చోట, అసలు సంగతి ఉంటుంది. దాత బతికున్నంత కాలం ఫలసాయం దాతే అనుభవించాలి. దాతను కడదాకా పోషించాలి. చిన్నమ్మాయికి పసుపు కుంకుమల కింద ఏటా ఇంత ఇస్తుండాలి. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే కుటుంబమైనా, ఉద్యోగాలు చేసుకుని అనకాపల్లిలో స్థిరపడ్డ కుటుంబమైనా, భూమి చేతులు మారేటప్పుడు దాన్ని అంటిపెట్టుకుని బాధ్యతలు కూడా చేతులు మారతాయి. ఆ బాధ్యత ఎవరి కోసం రాశారో ఆ చిన్నమ్మాయి సంతకం కాగితం మీద ఉండదు. రిజిస్ట్రీ రోజున ఆమె అక్కడ ఉండకపోవచ్చు కూడా. రాయించిన పెద్దావిడ పోయాక, పుచ్చుకున్నవాళ్లు మొహం చాటేస్తే, ఆ అమ్మాయి తన పేర దావా వెయ్యగలదా?

ఈ ఒక్క ప్రశ్నకు ఏ దేశం ఏం చెప్పిందో, ఎందుకలా చెప్పిందో వెతకడమే జీవితకాలపు ఉద్యోగంగా పెట్టుకున్న ప్రొఫెసర్లు ఉన్నారు. వాళ్ల సబ్జెక్టు తులనాత్మక ప్రైవేటు న్యాయశాస్త్రం. ప్రభుత్వంతో నిమిత్తం లేకుండా మనిషికీ మనిషికీ మధ్య నడిచే చట్టం, అంటే ఒప్పందం, ఆస్తి, వారసత్వం, దత్తత, నష్టపరిహారం లాంటివి, ఒక్కో దేశంలో ఎలా పుట్టి ఎలా పెరిగిందో పక్కపక్కన పెట్టి చూడటం.

మన క్లాసురూముల్లో చిన్నయ్య కేసు మూడు వాక్యాల్లో అయిపోతుంది. ఇంగ్లండులో మాట పుచ్చుకున్నవాడే దానికి ప్రతిఫలం ఇచ్చి ఉండాలి. మన దగ్గర ఆ ప్రతిఫలం ఎవరిచ్చినా చెల్లుతుంది. కనక ఇది ఇంగ్లిష్ నియమానికి భారతదేశం పెట్టుకున్న మినహాయింపు. పరీక్షకు అది చాలు. కానీ తులనాత్మక పండితులు తవ్విన గట్టు మీద నిలబడి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. మినహాయింపు మనది కాదు, ఇంగ్లండుది.

1861లో ఇంగ్లండు కోర్టు ముందుకు వచ్చిన ట్వెడిల్ కేసు మన పెళ్లి మాటల్లాగే ఉంటుంది. పెళ్లయిన జంట కోసం వియ్యంకులిద్దరూ కాగితం రాసుకున్నారు. అబ్బాయి తండ్రి 100 పౌన్లు, అమ్మాయి తండ్రి 200 పౌన్లు అబ్బాయికి ఇవ్వాలి. ఎవరైనా ఇవ్వకపోతే అబ్బాయే దావా వేసుకోవచ్చని కూడా అందులోనే రాశారు. మామగారు ఇవ్వకుండానే పోయారు. అల్లుడు ఆయన ఎస్టేటు మీద దావా వేసి ఓడిపోయాడు. నువ్వు ఈ బేరంలో ఏమీ పెట్టలేదు, కనక నీకు ఇందులో ఏమీ రాదన్నారు జడ్జీలు. నీకు హక్కుందని కాగితంలో రాసి ఉంటే మాత్రం ఏం?

అంతకు ముందు దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు కోర్టే వేరేగా ఆలోచించింది. 1677 నాటి సంగతి. ఒక తండ్రి కూతురి పెళ్లి ఖర్చుకు తన అడవిలో ఓక్ చెట్లు కొట్టించబోయాడు. ఆ అడవి రేపు తనదవుతుందని కొడుక్కి బాధ. 'చెట్లు కొట్టకు నాన్నా, చెల్లెలికి వెయ్యి పౌన్లు నేనిస్తా' అన్నాడు. తండ్రి ఆగాడు. చెట్లు మిగిలాయి, వెయ్యి పౌన్లు మాత్రం రాలేదు. ఆ చెల్లెలు అన్న మీద దావా వేసి గెలిచింది. 1861 నాటికి ఇలాంటి పాత తీర్పులు జడ్జీల దృష్టిలో కాలం చెల్లిపోయాయి. ఫ్యాక్టరీల కాలం వచ్చింది, చట్టం కూడా ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క చూడటం మొదలుపెట్టింది. నాకైతే ఓక్ చెట్ల జడ్జీలే బుద్ధిమంతులనిపిస్తారు.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే భారతదేశానికి కాంట్రాక్టు చట్టం తయారవుతోంది. లండన్‌లో కూర్చున్న కమిషన్ 1866లో ముసాయిదా పంపింది. కలకత్తాలో వైస్రాయి కౌన్సిల్‌లో లా మెంబరు హెన్రీ మెయిన్. 'ఏన్షియంట్ లా' పుస్తకం రాసి, న్యాయాన్ని దేశదేశాల చరిత్రతో కలిపి చదవాలన్న మనిషి. ఆయన తర్వాత 1869లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వచ్చాడు. కమిషన్‌కూ ప్రభుత్వానికీ పొసగలేదు. 1870లో కమిషనర్లు రాజీనామాలు పడేశారు. మిగిలిన పని కలకత్తాలోనే జరిగింది. 1872 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం రెండో సెక్షన్, డి క్లాజులో ప్రతిఫలం అంటే ఏమిటో చెబుతూ ఒక చిన్న పదబంధం చేరింది. మాట పుచ్చుకున్నవాడు గానీ, 'మరే ఇతర వ్యక్తి' గానీ చేసిన పని ప్రతిఫలం కిందికే వస్తుంది. ట్వెడిల్ తీర్పు సిరా ఆరకముందే కలకత్తా ఆ దారి వదిలేసింది.

ఈ చట్టంలో న్యూయార్కు వాసన కొంత ఉందని అందరూ ఒప్పుకుంటారు. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే లాయరు 1865లో న్యూయార్కు కోసం పౌరస్మృతి ముసాయిదా తయారుచేశాడు. న్యూయార్కు దాన్ని చట్టం చేయనే లేదు. అందులోంచి మన చట్టకర్తలు అక్కడక్కడ తీసుకున్నారు. ఇంగ్లిష్ పండితుడు ఫ్రెడరిక్ పొలాక్‌కు ఆ అరువు ససేమిరా నచ్చలేదు. అదే ముసాయిదాను కాలిఫోర్నియా తన పౌరస్మృతిగా తీసుకున్నది కూడా 1872లోనే. ఆ స్మృతిలో ప్రతిఫలం నిర్వచనం చదవండి. అక్కడా 'మరే ఇతర వ్యక్తి' ఉంటాడు. శాక్రమెంటోలోనూ కలకత్తాలోనూ ఒకే ఏడాది ఒకే ఆలోచన పుస్తకాలకెక్కింది. ఇలాంటి చుట్టరికాలు పట్టుకోవడంలో ఈ సబ్జెక్టు వాళ్లకు కలిగే ఆనందం పాత నాణేలు ఏరేవాళ్లకే తెలియాలి.

చట్టం వచ్చిన తొమ్మిదేళ్లకు పెద్దావిడ దానపత్రం మద్రాసులో ఇద్దరు జడ్జీల ముందు విప్పారు. ఇన్నెస్, కిండర్స్‌లీ. ఇద్దరూ కూతురు సొమ్ము కట్టాల్సిందే అన్నారు. దారులు మాత్రం వేరు. కిండర్స్‌లీ చట్టం పట్టుకుని వెళ్లాడు. దానపత్రం, ఇకరారునామా ఒకే రోజు ఒకే వ్యవహారంగా జరిగాయి, తల్లి ఇచ్చిన భూమే కూతురి మాటకు ప్రతిఫలం, సెక్షన్ అందుకు ఒప్పుకుంటోంది. ఇన్నెస్‌కు ఓక్ చెట్లు గుర్తొచ్చాయి. రెండు వందల ఏళ్ల నాటి ఆ అన్నాచెల్లెళ్ల తీర్పును తెచ్చి తెలుగు తల్లీకూతుళ్ల కాగితం పక్కన పెట్టాడు. వస్తున్న సొమ్ము ఆగిపోతే ఆ బంధువులకు జరిగే నష్టం నష్టమే కదా అన్నది ఆయన లెక్క. క్లాసులో సాధారణంగా కిండర్స్‌లీ దారి చెప్పి ఊరుకుంటారు. పోలిక వెతికిన ఇన్నెస్ దారి ఈ సబ్జెక్టుకు దగ్గర.

ఇద్దరికీ తట్టని పోలిక ఇంకొకటి ఉంది. దాని కోసం రోమ్ వెళ్లాలి. ఇంకొకడి కోసం నువ్వు మాట పుచ్చుకోలేవన్నది రోమన్ చట్టంలో మొండి నియమం. దానికి పెద్ద చిల్లు పడింది ఎక్కడో తెలుసా? దానం దగ్గర. ఒకరు ఆస్తి దానం చేస్తూ, ఇంత కాలం తర్వాత దీన్ని ఫలానా మూడో మనిషికి అప్పగించాలని షరతు పెడతారు. పుచ్చుకున్నవాడు అప్పగించడు. ఆ మూడో మనిషి ఒప్పందంలో లేకపోయినా దావా వేసుకోవచ్చని క్రీస్తుశకం 290 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి పేర ఆదేశం వెలువడింది. జస్టినియన్ సంకలనంలోకి ఎక్కింది. ఫ్రాన్స్ 1804లో పౌరస్మృతి రాసుకున్నప్పుడు ఆ చిల్లును తలుపుగా మార్చి 1121వ అధికరణంలో పెట్టుకుంది. మూడో మనిషి కోసం మాట పుచ్చుకోవడం రెండు సందర్భాల్లో చెల్లుతుంది: నీ కోసం చేసుకునే ఒప్పందానికి అది షరతయినప్పుడు, లేదా నువ్వు ఇంకొకరికి చేసే దానానికి అది షరతయినప్పుడు. రెండో సందర్భం మళ్లీ చదవండి. కూతురికి భూమి దానం చేస్తూ తోడబుట్టినవాళ్లకు ఏటా 653 ఇమ్మన్న ఆ పెద్దావిడ పారిస్‌లో పుట్టి ఉంటే, కూతురి నుంచి విడిగా ఇకరారునామా కూడా అవసరం ఉండేది కాదు.

ఫ్రెంచి కోర్టులు తర్వాత జీవిత బీమా కేసుల పుణ్యమా అని ఆ తలుపును ఇంకా వెడల్పు చేశాయి. భర్త ప్రీమియం కడతాడు, డబ్బు భార్యకు రావాలి. భార్య సంతకం లేదని కంపెనీ చేతులెత్తేస్తే బీమా వ్యాపారమే ఉండదు. 1900లో అమల్లోకి వచ్చిన జర్మన్ స్మృతి 328వ సెక్షన్‌లో ఏ మొహమాటం లేకుండా మూడో మనిషికి హక్కిచ్చేసింది. న్యూయార్కు కోర్టు 1859లోనే, 300 డాలర్ల చేబదులు కేసులో, అప్పు ఇచ్చినవాడు ఎవరికి చెల్లించమన్నాడో అతను నేరుగా దావా వేసుకోవచ్చని చెప్పింది. ఇన్ని చోట్ల ఒక రకంగా ఉంటే లండన్ ఒక్కటే ఇంకో రకంగా ఉంది. లండన్ పుస్తకాలే చదువుకున్న మనకు ఆ ఒక్కటే లోకమంతా అనిపించింది.

ఈ పోలికలు కాలక్షేపం స్థాయి దాటి చదువుగా మారింది 1900లో. పారిస్ ప్రపంచ ప్రదర్శన సమయంలో ఎడ్వార్ లాంబేర్, రేమోఁ సలేయ్ అనే ఇద్దరు ఫ్రెంచి ప్రొఫెసర్లు తులనాత్మక న్యాయం మీద మహాసభ జరిపించారు. చదువు ఉద్యోగంగా మారింది ఎర్న్‌స్ట్ రాబెల్ చేతిలో. వియన్నాలో పుట్టిన రాబెల్ మొదట రోమన్ చట్టం మనిషి. 1926లో బెర్లిన్ రాజప్రాసాదంలో గదులు తీసుకుని విదేశీ ప్రైవేటు న్యాయం మీద పరిశోధనకు ఒక సంస్థనే నిలబెట్టాడు. సరుకుల అమ్మకం మీద ఆయన చేసిన పనే తర్వాత 1980 నాటి వియన్నా అంతర్జాతీయ ఒడంబడికకు పునాది (మన దేశం ఇప్పటికీ అందులో చేరలేదు). యూదు మూలాలున్నాయని నాజీలు 1937లో ఆయన్ని ఆ కుర్చీలోంచి దించేశారు. అరవై అయిదేళ్ల వయసులో అమెరికా వెళ్లి, మిచిగాన్‌లో కొత్త భాషలో నాలుగు సంపుటాల పుస్తకం మొదలుపెట్టాడు.

రాబెల్ నేర్పిన పద్ధతి ఇది: సెక్షన్ల పేర్లు పోల్చకు, తగువులు పోల్చు. అన్ని దేశాల్లోనూ దానం పుచ్చుకున్నవాళ్లు షరతు ఎగ్గొడతారు. ఎగ్గొడితే ఎవరు ఎవర్ని కోర్టుకు లాగవచ్చు? ఆ దేశం దాన్ని కాంట్రాక్టు అంటుందా, ట్రస్టు అంటుందా, దానం అంటుందా అన్నది తర్వాతి సంగతి. ఆయన సంప్రదాయంలోనే త్స్వైగర్ట్, కోట్స్ అనే జర్మన్ ప్రొఫెసర్లు రాసిన పుస్తకం ఈ సబ్జెక్టులో అడుగుపెట్టేవాళ్లకు ఇప్పటికీ మొదటి మెట్టు.

ఇది మనకు పరాయి విద్య అనుకోనక్కర్లేదు. పదమూడో శతాబ్దంలో తిక్కన సమకాలికుడు మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం' రాశాడు. కల్యాణి చాళుక్యుల కాలంలో సంస్కృతంలో పుట్టిన మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఒకచోట పుట్టిన చట్టాన్ని ఇంకోచోటి మనుషులకు, వాళ్ల భాషలో, అక్కర్లేనిది వదిలి అక్కరకొచ్చేది ఉంచి చెప్పడం ఆ పని. ఇంగ్లిషువాళ్లకు మితాక్షర వారసత్వ భాగం కోల్‌బ్రూక్ అనువాదంలో 1810లో అందింది. మద్రాసు బారులో పేరు తెచ్చుకున్న జాన్ డాసన్ మెయిన్ 1878లో హిందూ చట్టం మీద పెద్ద గ్రంథం వేస్తూ దాని పేర్లోనే 'ఆచారం' అన్న మాట చేర్చాడు. మద్రాసు కోర్టులకు స్మృతుల్లో లేని తెలుగు వ్యవహారాలు వస్తూ ఉండేవి. ఇల్లరికం అందులో పెద్దది. రెడ్ల, కమ్మవారి ఇళ్లలో కొడుకులు లేనప్పుడు అల్లుణ్ని తెచ్చుకుని, వ్యవసాయం చూసుకో, ఆస్తిలో వాటా ఇస్తామంటారు. దత్తత కాదు, కూలి కాదు. కోర్టు దాన్ని ఏ గదిలో పెట్టాలో తెలియక కొంతకాలం అవస్థపడి, చివరికి ఆచారం కింద ఒప్పుకుంది. తులనాత్మక పరిశోధకులకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ఇప్పటికీ దీని మీద చేయాల్సినంత పని జరగలేదని నా అభిప్రాయం.

చోడవరం నుంచి విశాఖ వెళ్లే దారిలో సబ్బవరం వస్తుంది. అక్కడ దామోదరం సంజీవయ్య పేరున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, 2008 నాటి చట్టంతో ఏర్పడింది. ఆ దారిలో రోజూ బస్సెక్కే కుర్రాడో అమ్మాయో ఈ సబ్జెక్టును జీవనంగా ఎంచుకోవచ్చు. పెట్టుబడి డబ్బు కంటే భాషలు: కనీసం జర్మన్ గానీ ఫ్రెంచి గానీ చట్టం చదివే మేరకు రావాలి, లాటిన్ కాస్త తగలాలి. ఇంటికొస్తే చుట్టాలు 'ఇంకా ప్రాక్టీసు పెట్టలేదా?' అని అడుగుతారు, దానికి జవాబు సిద్ధం చేసుకోవాలి. మన కోర్టుల్లో మాత్రం రోజూ ఒక రకం తులనాత్మక పని జరుగుతూనే ఉంటుంది. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లిష్‌లో రికార్డవుతుంది. ఊరి ఆచారం 1872 నాటి సెక్షన్‌లో ఇరుక్కోవాలి. ఆ ఇరుక్కోవడం చిన్నప్పటినుంచీ చూసినవాళ్లకు లండన్‌లో పుట్టిన విద్యార్థికి లేని వాటం ఒకటి ఉంటుంది.

ఇంగ్లండు తన తప్పు తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. 1937లోనే ఒక కమిటీ నియమం మార్చమంది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బెస్విక్ కేసు వచ్చింది. బొగ్గు వ్యాపారం చేసే ముసలాయన తన వ్యాపారం దగ్గరి బంధువైన కుర్రాడికి రాసిచ్చాడు. తను పోయాక తన భార్యకు వారానికి 5 పౌన్లు ఇవ్వాలని షరతు. ముసలాయన పోయాడు. కుర్రాడు ఒక్క వారం ఇచ్చి ఆపేశాడు. ఆవిడ భర్త ఆస్తికి నిర్వాహకురాలు కాబట్టి ఆ హోదాలో 1967లో గెలిచింది. సొంత హోదాలో మాత్రం ఆవిడకు హక్కు దక్కలేదు. మద్రాసులో 86 ఏళ్ల ముందు తేలిన తగువు ఇంగ్లండులో చుట్టుదారిన గానీ తేలలేదు. చివరికి 1999లో పార్లమెంటు చట్టం చేసి మూడో మనిషికి తలుపు తీసింది.

మనం మాత్రం సగం దారిలో ఆగిపోయాం. చిన్నయ్య కేసులో ఆ బంధువులు నెగ్గడానికి కూతురు వాళ్ల పేర నేరుగా రాసిచ్చిన ఇకరారునామా కూడా కారణమే. ఆ కాగితమే లేకుంటే? ప్రతిఫలం ఎవరిచ్చినా చాలన్న చట్టం, ఒప్పందంలో లేనివాడు దావా వేయవచ్చని మాత్రం ఎక్కడా చెప్పలేదు. 1910లో ప్రీవీ కౌన్సిల్ ఒక ముస్లిం కోడలికి మామగారు పెళ్లి ముందు ఆమె తండ్రికి మాటిచ్చిన నెలకు 500 రూపాయల 'ఖర్చ్-ఎ-పాన్‌దాన్' ఇప్పించింది. తమలపాకుల ఖర్చు అన్నమాట. పిల్లల పెళ్లిళ్లు పెద్దలే కుదిర్చే దేశంలో ట్వెడిల్ నియమం అన్యాయమవుతుందని జడ్జీలకు తోచింది. అయినా 1969లో సుప్రీంకోర్టు, ఒక బ్యాంకు కేసులో, ఒప్పందంలో లేనివాడికి హక్కు లేదన్న పాత సూత్రాన్నే నిలబెట్టింది. ట్రస్టు, ఆస్తి మీద చార్జి, కుటుంబ ఏర్పాటు లాంటి వాటికి మాత్రం చోటుంచింది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద దాతను పోషించాలన్న షరతు తప్పితే దానాన్ని రద్దు చేయించుకోవచ్చు, ఆర్డీఓ దగ్గరికి వెళ్లవచ్చు. అది దాతకు రక్షణ. చిన్నమ్మాయి పసుపు కుంకుమల సొమ్ముకు అది పనికిరాదు.

మన లా కమిషన్ ఈ లోటు ఎప్పుడో గుర్తించింది. కాంట్రాక్టు చట్టం మీద 1958లో ఇచ్చిన 13వ నివేదికలో, ఎవరి మేలు కోసం ఒప్పందం చేశారో వాళ్లే దాన్ని అమలు చేయించుకునేటట్టు 37ఏ అనే కొత్త సెక్షన్ చేర్చమని రాసింది. ఇంగ్లండు చట్టం కంటే నలభై ఏళ్లు ముందు. ఫ్రాన్స్ 2016లో తన కాంట్రాక్టు చట్టాన్ని తిరగరాసుకుంటూ 1121ని 1205గా మార్చి, దానమూ వద్దు షరతులూ వద్దు, ఇంకొకరి కోసం మాట పుచ్చుకోవచ్చు అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మన కాంట్రాక్టు చట్టంలో 37వ సెక్షన్ తర్వాత వచ్చేది ఇప్పటికీ 38వ సెక్షనే.